అవతలి గట్టున గుచ్చిన పుల్ల

2023 జూలై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలం వీరభద్రవరం అడవిలోని ముత్యంధార జలపాతం చూడటానికి వెళ్లిన దాదాపు 80 మంది పర్యాటకులు చీకటి పడినా ఊళ్లోకి రాలేదు. పొద్దున దాటి వెళ్లిన వాగు సాయంత్రానికి పొంగి దారికి అడ్డం పడింది. ఫోన్ సిగ్నల్ ఎలాగో అందింది కాబట్టి కబురు బయటికి వచ్చింది. వాగు దాటే సాహసం చేయొద్దని, ఉన్నచోటే ఉండమని పోలీసులు ఫోన్లోనే చెప్పారు. జాతీయ విపత్తు స్పందన దళం, జిల్లా సిబ్బంది రాత్రికి రాత్రే అడవిలోకి వెళ్లి, తెల్లవారేసరికి వాళ్లను క్షేమంగా బయటికి తెచ్చారు.

ఆ క్షేమం ఎంత సన్నని దారం మీద వేలాడిందో మర్నాడు తెలిసింది. 27వ తేదీ ఉదయం 8.30 గంటలతో ముగిసిన 24 గంటల్లో అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణలో ఒక్కరోజులో అంత వాన అంతకుముందెన్నడూ లెక్కకెక్కలేదు. అదే వానకు జంపన్న వాగు పొంగి కొండాయి ఊరిని ముంచి మనుషుల ప్రాణాలు తీసింది. తరాలుగా వాగు పక్కనే బతుకుతున్న ఊరికే ఆ గతి పట్టిన రోజుల్లో, అడవి కొత్తవాళ్లు 80 మంది ప్రాణాలతో బయటపడ్డారంటే ముఖ్యకారణం ఒక్కటే. వాళ్లు ఆ రాత్రి వాగు దాటలేదు.

ఇలాంటి సంఘటన జరిగిన ప్రతిసారీ మన చర్చ రెండు వాక్యాల దగ్గర ఆగిపోతుంది. ‘కుర్రాళ్లకు రీల్స్ పిచ్చి పట్టింది’ అనేది ఒకటి. ‘అక్కడికి ఎవరినీ వెళ్లనివ్వకుండా నిషేధించాలి’ అనేది రెండోది. రెండింటిలోనూ వాగు ప్రస్తావన లేదు. ముత్యంధారలో ఆ 80 మందిని జలపాతం ఏమీ చేయలేదు. ఆపింది తిరుగుదారిలోని వాగు. సౌకర్యాల్లేని అడవి జలపాతానికి క్షేమంగా వెళ్లి రావడమంటే ముందుగా తిరుగుదారి గురించి ఆలోచించడం. ఈ సంగతి అడవి పక్కన బతికేవాళ్లకు తెలుసు. వెళ్లే మనకు, పాలించే యంత్రాంగానికి ఇంకా ఒంటబట్టలేదు.

పొద్దుటి వాగు, సాయంత్రపు వాగు

కొన్నేళ్ల కిందట ఒక వానాకాలం చివర, ఏజెన్సీలో పెద్దగా ఎవరికీ తెలియని ఒక ధార చూడటానికి ఆరుగురం వెళ్లాం. ఊళ్లో ఒక కోయ పెద్దాయన దారి చూపడానికి ఒప్పుకున్నాడు. మొదటి వాగు దగ్గర నీళ్లు పిక్కల దాకానే ఉన్నాయి. కిందున్న గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు, అంత తేటగా ఉంది. మేం చెప్పులు చేతబట్టుకుని నవ్వుకుంటూ దాటేశాం. ఆయన చివర దాటి, అవతలి గట్టున ఆగి, ఒక పుల్ల విరిచి నీటి అంచుకు జానెడు పైన బురదలో గుచ్చాడు.

ఎందుకని అడిగాను.

‘‘నీళ్లు ఈ పుల్లను ముట్టుకున్నయంటే ఇయ్యాల ఇటే పండుకునుడు సారూ.’’

‘‘మరి ఇవతల గుచ్చావేంటి తాతా, అటువైపు గుచ్చొచ్చు కదా?’’

‘‘తిరిగొచ్చినంక మనం నిలబడేది ఈ గట్టునే గదా!’’

అంత మామూలు మాట నాకు తట్టనందుకు సిగ్గేసింది. మేం ఆరుగురం వెళ్లే దారి గురించే ఆలోచిస్తున్నాం. ఆయన అప్పుడే తిరిగి వస్తున్నాడు. ధార దగ్గర ఫొటోలతో గంటసేపు అనుకున్నది రెండున్నర గంటలైంది. మా నెత్తిన చినుకు పడలేదు గానీ ఎగువన కొండల మీద మబ్బు దిగింది. తిరిగి వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు ఎర్రబడ్డాయి. పుల్లకు రెండు వేళ్ల కింద ఉన్నాయి. ఆయన కాసేపు కూర్చుని నీటి మీద తేలొస్తున్న ఆకులను చూశాడు. నీళ్లు ఇంకా ఎక్కడం లేదని నమ్మకం కలిగాకే లేచాడు. దాటాక ఆయన సంచిలో ఏముందో చూశాను. రెండు గుప్పిళ్ల బియ్యం, ఉప్పు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన అగ్గిపెట్టె. రోజూ తిరిగే అడవిలోకి పూటపనికి పోతూ కూడా ఆయన రాత్రి ఉండిపోవడానికి సిద్ధపడి వచ్చాడు. మా సంచుల్లో చిప్స్ ప్యాకెట్లు, పవర్‌బ్యాంకులు ఉన్నాయి.

ఆ పుల్ల వెనక ఉన్న లెక్క పెద్దదే. కొండవాగుల పరివాహక ప్రాంతం చిన్నది, వాలు ఎక్కువ. పది చదరపు కిలోమీటర్ల కొండ మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే దిగేది 10 లక్షల ఘనపు మీటర్ల నీరు, అంటే వంద కోట్ల లీటర్లు. తొలకరిలో అయితే ఎండిన నేల అందులో చాలా భాగం తాగేస్తుంది. జూలై చివరికి నేల నానిపోయి ఉంటుంది కాబట్టి పడ్డది పడ్డట్టే వాగులోకి దిగుతుంది. గోదావరికి వరద రావడానికి రోజులు పడుతుంది, దానికి మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక ఉంటాయి. కొండవాగుకు గంటలు చాలు, ఒక్కోసారి నిమిషాలు చాలు. హెచ్చరించే నాథుడు ఉండడు.

నీటి వేగం రెట్టింపైతే అది కాళ్లను నెట్టే బలం నాలుగింతలవుతుంది. అందుకే పొద్దున పిక్కల లోతులో ఆడుకుంటూ దాటిన మనిషి సాయంత్రం మోకాలి లోతులో నిలవలేడు. ఉధృతమైన ప్రవాహమైతే జానెడు లోతు నీళ్లే ఎదిగిన మనిషిని పడగొట్టగలవు. రెండడుగుల నీళ్లు కార్లను సైతం తేల్చి తీసుకుపోతాయి. ఈత వచ్చా రాదా అన్న ప్రశ్నకు అక్కడ విలువ లేదు. బండరాళ్లకు తల కొట్టుకున్నాక ఈత ఏం చేస్తుంది?

ఎక్కడి వానో, ఇక్కడి వరద

2024 సెప్టెంబర్ 22న మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో ఏలూరు నుంచి వచ్చిన వైద్య విద్యార్థులు ఐదుగురు కొట్టుకుపోయారు. ఇద్దరిని కాపాడగలిగారు, ముగ్గురు చనిపోయారు. ఆ ఏడాదే జూన్ 30న మహారాష్ట్రలోని లోనావాలాలో భుషీ డ్యామ్ వెనకనున్న జలపాతం దగ్గర ఒకే కుటుంబానికి చెందిన ఐదుగురు ప్రవాహం మధ్యలో బండ మీద చిక్కుకుని, ఒకరినొకరు పట్టుకుని నిలబడి, చివరికి కొట్టుకుపోయారు. ఆ వీడియో చూడని ఫోన్ లేదు. పదేళ్లు వెనక్కి వెళితే 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది రాళ్ల మీద ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది ఎగువన లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీటికి బలయ్యారు.

రెండుచోట్ల వాన, ఒకచోట డ్యామ్ గేట్లు. మూడుచోట్లా నీళ్లు పెరిగింది మాత్రం కంటికి కనబడని ఎగువన జరిగినదానివల్ల. ‘ఇక్కడ వాన లేదు కదా’ అన్న ధైర్యమే అసలు ప్రమాదం. ముత్యంధార ఉన్న కొండలు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వైపు సాగుతాయి. ములుగులో ఎండ కాస్తున్నా అటు కురిసిన వాన ఇటు దిగొచ్చు.

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ వర్షం, అది దాటితే అత్యంత భారీ వర్షం. పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు జిల్లాల వారీగా వస్తాయి. వాగుకు జిల్లా సరిహద్దు తెలియదు. కాబట్టి వెళ్లే జిల్లాతోపాటు ఎగువ జిల్లా, అవసరమైతే ఎగువ రాష్ట్రం హెచ్చరిక కూడా చూడాలి. ఆ రోజు సంగతే కాదు, అంతకుముందు రెండు మూడు రోజుల వాన కూడా చూడాలి. నేల నానిపోయి ఉన్నప్పుడు పసుపు రంగు హెచ్చరిక కూడా వాగులో ఎరుపే. పిడుగుల సమాచారానికి ‘దామిని’ యాప్ ఉంది. 2022లో దేశంలో పిడుగులకు చనిపోయినవారు 2,887 మంది అని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క. కొండ మీద ఉరుము వినబడితే ఒంటరి చెట్టు కిందికి చేరడం, ఎత్తైన బండ మీద నిలబడటం తగదు.

యాప్‌లు పనిచేయనిచోట కళ్లు, చెవులే యాప్‌లు. తేట నీళ్లు ఎర్రబడటం, ఆకులు, పుల్లలు, నురగ తేలి రావడం, ధార చప్పుడు బరువెక్కడం, ఎగువ నుంచి ఉన్నట్టుండి చల్లగాలి కొట్టడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఫోన్ జేబులో పెట్టి గట్టెక్కాలి. సామాన్ల కోసం కూడా వెనక్కి చూడొద్దు.

గుండం అన్న పేరే హెచ్చరిక

మన ఊళ్లవాళ్లు జలపాతం కింది మడుగును గుండం అన్నారు. ఆ మాట ఊరికే పుట్టలేదు. పైనుంచి పడే నీరు మడుగు అడుగుదాకా దిగి, పైకి లేచి, మళ్లీ ధార వైపే తిరుగుతుంది. ఆ మలుపులో చిక్కినవాణ్ణి నీరే లోపలికి గుంజుతుంది. పైగా ధార కింద నీటినిండా గాలి బుడగలుంటాయి. బుడగల నీరు మామూలు నీటిలాగా మనిషిని తేల్చలేదు. అందుకే చెరువులో గంటలకొద్దీ ఈదేవాడు కూడా గుండంలో నిమిషంలో అలసిపోతాడు. కడెం వాగు మీదున్న కుంటాల జలపాతానికి మెట్లున్నాయి, బోర్డులున్నాయి. అయినా గుండాల్లో మునిగి చనిపోయినవాళ్ల వార్తలు ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి. మెట్లు లేని గాయత్రి జలపాతం దగ్గరో, మిట్టె దగ్గరో ఇంకెంత జాగ్రత్త కావాలి!

బండల సంగతి వేరే చెప్పాలి. తడిసిన నల్లబండ మీద పాకుడు కంటికి ఆనదు. జారాక తెలుస్తుంది. ధార పైకి ఎక్కి అంచు నుంచి కిందికి చూడాలన్న కోరికకు లొంగకపోతే చాలు, చాలా చావులు తప్పుతాయి. ఎంత లోతుందో, అడుగున ఏ బండ ఉందో తెలియని మడుగులోకి పైనుంచి దూకడం వెన్నెముకతో ఆడే జూదం. పోయిన ఏడాది దూకినచోటే ఈ ఏడాది దూకుతామనడమూ తప్పే. ఒక్క వరద చాలు, అడుగున రాళ్లు చోటు మారిపోవడానికి.

ఒకరు మునుగుతుంటే ఇంకొకరు దూకి ఇద్దరూ పోవడం మన వార్తల్లో నిత్యం చదివేదే. 2022లో దేశంలో నీట మునిగి చనిపోయినవారు 38 వేలకు పైనే. వాళ్లలో కాపాడబోయి పోయినవాళ్లు ఎందరో! మునిగేవాడికి చేయి కాదు, వస్తువు అందించాలి. వెదురు గడ, పంచె, చున్నీ, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా, ఏదైనా సరే. గట్టున పడుకుని అందించాలి, నిలబడి అందిస్తే అవతలివాడి బరువు మనల్నే లాగేస్తుంది. ప్రవాహంలోకి దిగేవాడి నడుముకు తాడు కట్టడం సినిమాల్లో బాగుంటుంది. తాడు బిగుసుకున్నాక ప్రవాహమే మనిషిని నీటి కిందికి నొక్కేస్తుంది. పొరపాటున కొట్టుకుపోతే వెల్లకిలా తిరిగి, కాళ్లు ప్రవాహం వెళ్లే వైపు పెట్టి, రాళ్లను పాదాలతో నెట్టుకుంటూ, నెమ్మదైన నీళ్లు తగలగానే ఏటవాలుగా గట్టువైపు ఈదాలి. నిలబడబోతే పాదం రాళ్ల సందున ఇరుక్కుంటుంది.

మద్యం గురించి ఉపన్యాసం అక్కర్లేదు. తాగినవాడికి పాకుడు బండ, మామూలు బండ ఒకటే. అది చాలు.

గడియారమే పెద్ద పరికరం

దారీ తెన్నూ లేని జలపాతానికి వెళ్లేటప్పుడు ఏమేం తీసుకెళ్లాలని అందరూ అడుగుతారు. ఎన్నింటికి వెనక్కి తిరగాలని అడిగేవారు తక్కువ. నిజానికి అదే మొదటి ప్రశ్న. వానాకాలంలో కొండల మీద వాన ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే కమ్ముతుంది. లోయలో పొద్దు గడియారం కంటే ముందే గుంకుతుంది. అందువల్ల తెల్లవారగానే బయలుదేరడం, మధ్యాహ్నం ఒంటి గంటకల్లా ధార దగ్గర ఉన్నా లేకున్నా వెనక్కి తిరగడం మంచి నియమం. ‘ఇంత దూరం వచ్చాం, ఇంకో అరకిలోమీటరే కదా’ అన్న మాటే చాలామందిని చీకట్లో పడేసింది. జట్టు నడక వేగం అందరికంటే నెమ్మదిగా నడిచేవారి వేగమే తప్ప ముందు పరుగెత్తేవాడిది కాదు.

వెళ్లేముందు ముగ్గురికి చెప్పాలి. ఇంట్లోవాళ్లకు, చివరి ఊళ్లో ఒకరికి, అటవీ శాఖ చెక్‌పోస్టులో. ఎందరం, ఏ ధారకు, ఎన్ని గంటలకు తిరిగొస్తాం, రాకపోతే ఎన్నింటికి వెతకడం మొదలుపెట్టాలి... ఈ నాలుగు మాటలు ఒక కాగితం మీద రాసిచ్చినా సరిపోతుంది. అడవిలో అత్యవసర నంబరు 112 కలవకపోవచ్చు. ఊళ్లో ఆ కాగితం ఉంటే మనం ఫోన్ చేయకపోయినా ఎవరో ఒకరు కదులుతారు. సిగ్నల్ లేకపోయినా ఫోన్లో జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాపును ముందే దించుకుని పెట్టుకోవాలి. ఒక ఫోన్‌ను ఫొటోలకు వాడకుండా ఆపి దాచాలి.

వాగు దాటేటప్పుడు ఇరుకుగా, చప్పుడు ఎక్కువగా ఉన్నచోటు కంటే వెడల్పుగా పరుచుకున్నచోటు మేలు. చెప్పులో బూట్లో విప్పకుండా, ఎగువకు మొహం పెట్టి, ఊతకర్ర పట్టుకుని, అడుగు అడుగుకూ తడుముకుంటూ పక్కకు నడవాలి. సంచి నడుము పట్టీ విప్పి ఉంచాలి, పడితే సంచి వదిలేయొచ్చు. సందేహం వస్తే దాటకూడదు. గట్టున ఎత్తైన చోటు చూసుకుని ఆగడమే తెలివి. చిన్న వాగు ఎంత తొందరగా పొంగుతుందో, ఎగువన వాన ఆగితే అంత తొందరగా తీస్తుంది. ఆకలితో, చలితో గడిపిన ఒక రాత్రి మామూలుగా ప్రాణం తీయదు. తొందరపాటు తీస్తుంది. రాత్రి ఉండాల్సి వస్తే టార్చి, పొడి బట్ట, ఒక ప్లాస్టిక్ పట్టా, ఏదైనా తిండి ఉండాలి. పెద్దాయన సంచిలోని అగ్గిపెట్టె విలువ ఆ రాత్రి తెలుస్తుంది.

జలపాతాల బండల కొనలకు కొండ తేనెపట్లు వేలాడుతుంటాయి. పొగ, ఘాటైన సెంటు వాసన, రాయి విసరడం, ఇప్పుడైతే డ్రోన్ చప్పుడు వాటిని రేపుతాయి. ఒక్కసారి లేచాయంటే పరుగే మార్గం. నీళ్లలోకి దూకితే పైనే తిరుగుతూ కాచుకుంటాయి. పాము కాటేస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం మూడూ కీడే. కాటు పడ్డ కాలు కదలకుండా ఉంచి మనిషిని మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే ఒకే మందు ప్రభుత్వాసుపత్రుల్లో ఉంటుంది. ఏ పాము కరిచిందో పట్టుకుని చూపించాల్సిన పని లేదు.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త ఏ నెలలో వెళ్లాలో తెలుసుకోవడం. జూలై, ఆగస్టుల్లో ధార అందం చెప్పనలవి కాదు. వాగు మొండితనమూ అంతే. వానలు వెనక్కి తగ్గిన అక్టోబర్ చివర నుంచి జనవరి దాకా చాలా ధారల్లో నీళ్లుంటాయి, వాగులు శాంతిస్తాయి. ఫోన్లో కనిపించే వీడియో ఏ నెలలో తీసిందో ఎవరూ చెప్పరు. పోయిన జూలైలో ఎవరో అదృష్టం కొద్దీ తీసుకొచ్చిన అర నిమిషం దృశ్యం ఈ జూలైలో మనకు హామీ కాజాలదు.

నిషేధానికీ కాంక్రీటుకూ మధ్య

ఇక పాలకుల వంతు. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్లడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. అభయారణ్యంలోకైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి తప్పనిసరి. ఈ చట్టాలు అవసరమే. పర్యాటకుడి సరదాకు, జంతువు నీళ్లు తాగే చోటుకు పోటీ వస్తే అడవి జంతువు వైపే ఉండాలి. కానీ ఏ చట్టమూ కొండకు గోడ కట్టలేదు. పెద్ద దారిన చెక్‌పోస్టు పెడితే కుర్రాళ్లు దొంగదారి పడతారు. దొంగదారిన వెళ్లేవాడు ఊళ్లో పేరు చెప్పడు, దారి చూపడానికి ఎవరినీ పిలవడు, చిక్కుకున్నా భయంతో ఫోన్ చేయడం ఆలస్యం చేస్తాడు. నిషేధం జనాన్ని ఆపలేనిచోట సమాచారాన్ని మాత్రం ఆపేస్తుంది.

నిషేధానికి మనవాళ్లకు తెలిసిన ప్రత్యామ్నాయం ‘అభివృద్ధి’. తారు రోడ్డు, పార్కింగ్, సిమెంటు మెట్లు, రంగు లైట్లు, టీ కొట్లు. బొగత జలపాతం దగ్గర కంచె, నిర్దేశించిన స్నానస్థలం, ఉధృతి పెరిగితే సందర్శన ఆపే పద్ధతి పెట్టారు. వేలమంది వచ్చే చోట అది తప్పదు. అలాగని ప్రతి ధారనూ బొగత చేయలేం, చేయనూ కూడదు. రోడ్డు పడ్డాక జనం పదింతలవుతారు, బాటిళ్లు వందింతలవుతాయి, ప్రమాదాలూ తగ్గవు. జలతరంగిణి రోడ్డుకు దూరమేమీ కాదు.

ఈ రెండింటికీ మధ్య దారి ఒకటుంది. అది పుల్ల గుచ్చిన పెద్దాయన దారి. ధారను ధారలా వదిలేసి, వెళ్లి రావడానికి ఒక క్రమం పెట్టడం. మారేడుమిల్లిలో, తలకోనలో వన సంరక్షణ సమితుల చేత పర్యాటకాన్ని నడిపించిన అనుభవం మనకుంది. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు బలమిచ్చాయి. అంటే కొత్త చట్టం అవసరం లేదు, ఉన్నవాటిని వాగు దాకా నడిపించాలి.

మొదటిది, ఏ ధార తెరవాలో, ఏది మూసి ఉంచాలో ఊరిని అడిగి నిర్ణయించాలి. కొన్ని ధారలు గిరిజనులకు దేవుడి తావులు, కొన్ని జంతువుల నీటిరేవులు. వాటిని పటంలో చూపించాల్సిన పనే లేదు. రెండోది, తెరిచిన ధారకు ఊరి మనిషి తోడు లేకుండా పంపకూడదు. ఆ మనిషికి ప్రథమ చికిత్స, తాడు విసరడం నేర్పించి, రోజు కూలికి తగ్గని రుసుము ఇప్పించాలి, బీమా చేయించాలి. రోజుకు ఇన్ని జట్లే అన్న పరిమితి ఉండాలి, ఎవరెవరు లోపలికి వెళ్లారో, ఎవరు బయటికి వచ్చారో రాసే పుస్తకం ఉండాలి. సాయంత్రం లెక్క సరిపోకపోతే అప్పుడే కదలొచ్చు, అర్ధరాత్రి ఫోన్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

మూడోది, వానను దారికి ముడిపెట్టాలి. తెలంగాణలో మండలాల్లో వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలు గంటగంటకూ వాన లెక్క పంపుతున్నాయి. ఏ వాగుకు ఎగువన ఏ కేంద్రం ఉందో గుర్తించి, అక్కడ ఇంత వాన పడితే ఈ దారి మూసేయాలన్న హద్దు ముందే రాసిపెట్టడానికి కమిటీలు అక్కర్లేదు. కలెక్టరేట్‌లో ఒక మనిషి, ఊళ్లో ఒక ఫోన్ నంబరు చాలు. ఎగువ కేంద్రాలు పక్క రాష్ట్రంలో ఉంటే ఆ లెక్కను ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు ఉండాలి.

ప్రమాదం జరిగాక బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు బియాస్ కేసు జవాబు చెప్పింది. ఒక్కో విద్యార్థి కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని హిమాచల్‌ప్రదేశ్ హైకోర్టు 2016లో తీర్పు చెబుతూ, ఆ భారాన్ని విద్యుత్ బోర్డు, కళాశాల, రాష్ట్ర ప్రభుత్వం మధ్య పంచింది. నీళ్లు వదిలినవాడు, పిల్లల్ని తీసుకెళ్లినవాడు, హెచ్చరించాల్సినవాడు ముగ్గురూ బాధ్యులేనన్నమాట. విహారయాత్రలకు తీసుకెళ్లే కళాశాలలు, ‘వీకెండ్ ట్రెక్’ పేరిట జనాన్ని పోగేసే నిర్వాహకులు ఆ తీర్పును గోడకు అంటించుకోవాలి. ఎగువ వాన చూడకుండా జూలైలో 50 మందిని బస్సెక్కించినవాడు సాహసికుడు కాదు.

పాలకులు చేయాల్సిన వాటిలో నాలుగో పని అన్నిటికంటే చవక. ధార దారిలో వాగు దాటే ప్రతిచోటా, లోపలి నుంచి వచ్చేవాళ్లకు కనబడేలా, బండ మీద ఒక ఎర్రగీత గీయాలి. ఆ గీతను నీళ్లు తాకితే దాటకూడదని పక్కనే తెలుగులో, కోయలో రాయాలి. గీత ఎంత ఎత్తున ఉండాలో చెప్పడానికి ఇంజినీర్లు కొలతలు తీయొచ్చు. లేదంటే ఊళ్లో ఆ పెద్దాయన వయసువాళ్లను నలుగురిని పిలిచి అడగొచ్చు. గీత పక్కన కాస్త ఎత్తులో నలుగురు తల దాచుకునే ఒక పాక వేస్తే, దాటకుండా ఆగడం శిక్షలా అనిపించదు. ఖర్చు ఒక డబ్బా రంగు, ఓ మోపు వెదురు, కొంత తాటాకు.

గీత గీయాల్సింది మాత్రం అవతలి గట్టునే. తిరిగొచ్చినంక మనం నిలబడేది అక్కడే గదా.